ఆహారము - మూర్ఛవ్యాధి

క్రీస్తుకు పూర్వము సుమారు 400 సంవత్సరముల నాడు గ్రీసుదేశములో మూర్ఛవ్యాధిని గూర్చి ఒక చిన్న గ్రంథము వెలువడినది. హిపోక్రటీసు పేరుతో నిలిచిన వైద్యగ్రంథములలో అది యొకటి. ఆ కాలమున మూర్ఛను దేవతల ఆగ్రహముగా భావించి, మంత్రములతో నయము చేయుదుమని చెప్పుకొనువారు కొందరుండిరి. వారు రోగికి పెద్ద పథ్యపు పట్టిక కూడ ఇచ్చుచుండిరి. కొన్ని జాతుల చేపలు కూడదు, మేక, లేడి, పంది మాంసములు కూడదు, కోడి కూడదు, పుదీనా, వెల్లుల్లి, ఉల్లి కూడదు, మేకతోలుపై పరుండరాదు, దానిని కప్పుకొనరాదు. గ్రంథకర్త దీనికి చెప్పిన సమాధానము నేటికిని వినదగినది. లిబియాదేశపు లోతట్టు ప్రాంతములవారు మేకమాంసమే తిందురు, మేకతోళ్ళనే కప్పుకొందురు. ఈ పట్టిక నిజమైనచో అక్కడ ఆరోగ్యవంతుడు ఒక్కడైనను ఉండకూడదు గదా అని ఆయన వాదము. మూర్ఛకు స్థానము మెదడే యని కూడ ఆ గ్రంథమే చెప్పినది.

ఇరువదినాలుగు శతాబ్దములు గడచినవి. పట్టిక మారినదే కాని పట్టిక వేయు అలవాటు పోలేదు. పిల్లవానికి ఒకమారు మూర్ఛ వచ్చినచో ఆ ఇంట మొదట జరుగునది ఏదో ఒక కూరను మాన్పించుట. ఒకరు వంకాయ కూడదందురు, ఒకరు పులుపు కూడదందురు, వేడిచేయు వస్తువులు కూడదందురు. వారములు గడచినకొలది పిల్లవాని పళ్ళెములో పదార్థములు తగ్గుచుండును. మూర్ఛ మాత్రము తగ్గదు. మన వైద్యగ్రంథములు కూడ ఆహారమును ఈ వ్యాధితో ముడిపెట్టకపోలేదు. చరకసంహిత నిదానస్థానములో అపస్మారమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. మలినమైన ఆహారమును అందు కారణములలో చేర్చిరి.

ఇవి చూచి, ఆహారమునకును మూర్ఛకును సంబంధమే లేదని త్రోసివేయుట కూడ పొరపాటే. సంబంధము కలదు. కొన్ని సందర్భములలో అది ప్రాణములు తీయునంత బలమైనది, మరికొన్ని సందర్భములలో ప్రాణములు నిలుపునంత బలమైనది. కాని అది వంకాయలోను పులుపులోను లేదు. అది ఎక్కడ ఉన్నదో తెలిసికొనుటకు ముందు మెదడులో ఏమి జరుగుచున్నదో కొంత చూడవలెను.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. అవి ఒకదానితో నొకటి విద్యుత్ స్పందనముల ద్వారా, రసాయన పదార్థముల ద్వారా మాటలాడుకొనుచుండును. తరగతిలో పిల్లలు ఎవరి పాఠము వారు చదువుకొనుచున్నప్పుడు వినవచ్చు సందడి వంటిది ఆరోగ్యవంతమైన మెదడు. ఆ పిల్లలందరును ఒక్కసారిగా ఒకే మాటను పెద్దగా, మరల మరల అరువసాగినచో ఎట్లుండునో, ఈడ్పు వచ్చినప్పుడు మెదడు అట్లుండును. 1929లో జర్మను వైద్యుడు హాన్స్ బెర్గరు మానవుని మెదడు విద్యుత్తును కాగితముపై గీయించు పద్ధతిని ప్రకటించిన తరువాత ఈ సంగతి కంటికి కనబడినది.

ఇట్టి కోలాహలము నిత్యము జరుగకుండుటకు మెదడులో ఒక ఏర్పాటు కలదు. బండి తోలువానికి ములుగర్ర, పగ్గము రెండును కావలెను గదా. మెదడులో ములుగర్ర పని చేయు ముఖ్యపదార్థము గ్లూటమికామ్లము. పగ్గము పని చేయునది గామా అమినో బ్యుటిరికామ్లము. ఈ రెండవదానిని పొట్టిగా 'గాబా' అందురు. పగ్గము వదులైనను, ములుగర్ర పోటు ఎక్కువైనను, ఎద్దులకు మేత చాలకపోయినను బండి దారి తప్పును. ఆహారము ఈ మూడింటిని తాకగలదు.

ఇక్కడ ఒక భేదమును గుర్తించవలెను. ఫిట్సు అని నేడందరును అనుచున్న ఈడ్పు ఒక లక్షణము మాత్రమే. తీవ్రజ్వరములో పసిపిల్లలకు రావచ్చును, రక్తములో చక్కెర పడిపోయినప్పుడు ఎవరికైనను రావచ్చును. కారణము తొలగగానే పోవును. అట్టి తాత్కాలిక కారణము లేకయే మరల మరల వచ్చుచుండినప్పుడు మూర్ఛవ్యాధి యందురు. ప్రపంచములో సుమారు 5 కోట్లమందికి ఈ వ్యాధి కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

ఇప్పుడు పగ్గము కథ. 1951 మొదలు 1953 వరకు అమెరికా సంయుక్తరాష్ట్రములలో పిల్లల వైద్యులకు ఒక వింత సమస్య ఎదురైనది. పుట్టినప్పుడు ఏ లోపమును లేని శిశువులు, కొద్ది వారములు గడచినంతనే చిరచిరలాడుచు, చిన్న చప్పుడుకే ఉలికిపడుచు, తుదకు ఈడ్పులతో ఆసుపత్రికి వచ్చుచుండిరి. జ్వరము లేదు. మెదడువాపు లేదు. సాధారణముగా ఈడ్పులను ఆపు మందులు సరిగా పనిచేయలేదు. వైద్యులు తల్లులను ప్రశ్నించి చూడగా ఒక్క సంగతి బయటపడినది. ఆ శిశువులకు పోయుచున్నవి ఒకే రకమైన డబ్బాపాలు. ద్రవరూపములో, త్రాగుటకు అనువుగా తయారుచేసి అమ్ముచుండిన పాలవి. పాలు మార్చినచో ఈడ్పులు ఆగిపోవుచుండెను. మరింత విచిత్రమేమనగా, అదే తయారీదారుల పొడిపాలు త్రాగిన శిశువులకు ఈ జబ్బు లేదు.

ద్రవరూపపు పాలకును పొడిపాలకును భేదము వేడిమిలో ఉన్నది. డబ్బాలో పోసిన పాలలో ఒక్క సూక్ష్మజీవియు మిగులకుండుటకై వానిని అధికమైన ఉష్ణోగ్రతకు గురిచేసిరి. సూక్ష్మజీవులు చచ్చినవి, వానితోపాటు ఒక విటమిను కూడ నశించినది. అది పిరిడాక్సిన్ అను బి-6 విటమిను. ఎలుకలకు, పందిపిల్లలకు ఈ విటమిను లేని ఆహారము పెట్టినచో ఈడ్పులు వచ్చునని ప్రయోగశాలలలో అంతకుముందే తెలిసియుండెను. ఆ సంగతి గుర్తున్న వైద్యులు శిశువులకు పిరిడాక్సిన్ ఇచ్చి చూచిరి. కొద్ది నిమిషములలో ఈడ్పులు ఆగినవి, మెదడు విద్యుత్ రేఖలు చక్కబడినవి. ఈ పరిశీలనలు 1954లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ప్రకటితమైనవి. శుభ్రతకై చేసిన పనియే ఆ పసివారికి ముప్పు తెచ్చినది. నేడు శిశువుల డబ్బాపాలలో బి-6 ఇంత ఉండితీరవలెనని ప్రమాణములు కలవు.

బి-6 లేనంతమాత్రమున మెదడు ఎందుకు అదుపు తప్పవలెను? ఈ ప్రశ్నకు జవాబు అదృష్టవశమున అప్పుడే సిద్ధమగుచుండెను. 1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్సు, శామ్ ఫ్రాంకెల్ అను శాస్త్రజ్ఞులు మెదడులో గాబా ఉన్నదని ప్రకటించిరి. ఇది ఎక్కడనుండియో వచ్చు పదార్థము కాదు. మెదడే దీనిని గ్లూటమికామ్లమునుండి తయారుచేసికొనును. గ్లూటమికామ్లపు అణువునుండి ఒక కార్బన్ డయాక్సైడు అణువును తొలగించినచో మిగులునది గాబా. అనగా ములుగర్రనే కొంచెము చెక్కి పగ్గముగా మార్చుచున్నది శరీరము. రసాయనశాస్త్రములో ఇంత చిన్న మార్పునకు ఇంత పెద్ద ఫలితము కలిగిన ఉదాహరణలు ఎక్కువ లేవు. ఈ మార్పును జరిపించు ఎంజైము ఒంటరిగా పనిచేయలేదు. దానికి తోడుగా బి-6 ఉండవలెను. తోడు దొరకనప్పుడు పగ్గములు తయారుకావు, ములుగర్రలు మాత్రము మిగిలిపోవును.

ఆ పాలు త్రాగిన శిశువులలో అత్యధికులకు ఏమియు కాలేదు. ఒకే లోపము ఒకరిని తాకి మరియొకరిని తాకకపోవుటకు వారి వారి శరీరముల అవసరములే కారణము. ఇందుకు ఉదాహరణగా అదే 1954లో మరియొక శిశువు సంగతి వైద్యపత్రికలకెక్కినది. ఆ బిడ్డ ఆహారములో బి-6 లోపమే లేదు, అయినను పుట్టినది మొదలు ఈడ్పులు. అందరికిని సరిపోవు మోతాదు ఆ బిడ్డకు చాలలేదు. అధికమైన మోతాదు ఇచ్చినప్పుడే ఆగినవి. ఇట్టివారు జీవితాంతము ఆ విటమినును తీసికొనవలసినదే. దీని మూలము 2006లో గాని తెలియలేదు. మాంసకృత్తులలో ఉండు లైసిన్ అను ఆమ్లమును విడగొట్టు ఒక ఎంజైము వీరిలో పుట్టుకతోనే లోపించియుండును. సగము విడిపోయిన లైసిన్ పేరుకొని, బి-6ను పట్టుకొని నిరుపయోగము చేయును. కావున నేడు వీరికి విటమినుతోపాటు లైసిన్ తక్కువగల ఆహారమును కూడ ఏర్పాటు చేయుచున్నారు. ఏ మందుకును లొంగని ఈడ్పులతో పసికందు వచ్చినప్పుడు వైద్యులు బి-6 ఇచ్చి చూచుటకు కారణమిదే.

ఇది చదివి మూర్ఛరోగులందరును బి-6 మాత్రలు మింగుట మేలని తలపరాదు. పప్పుదినుసులు, సెనగలు, అరటిపండు, చేపలు, గ్రుడ్లు, తవుడు పూర్తిగా పోని బియ్యము మొదలగువానిలో ఈ విటమిను కలదు. సామాన్యమైన మిశ్రమాహారము తినువారికి దీని లోపము మూర్ఛ తెచ్చునంతగా కలుగుట అరుదు. క్షయకు వాడు ఐసోనియాజిడ్ అను మందు బి-6 పనిని అడ్డగించును గనుక, అవసరమైనవారికి ఆ మందుతోపాటు వైద్యులే దీనిని కలిపి ఇత్తురు. పెద్ద మోతాదులలో చాలకాలము మింగినవారికి కాళ్ళు చేతుల నాడులు చెడి, తిమ్మిరులెక్కి, నడక తూలినట్లు 1983లోనే వైద్యులు హెచ్చరించియున్నారు.

పగ్గము వదులగుట ఇట్లు. ములుగర్ర పోటు హెచ్చగుటకు కూడ ఆహారము కారణమైన ఘట్టమొకటి కలదు. 1987 చివరలో కెనడా తూర్పుతీరమున ప్రిన్సు ఎడ్వర్డు ద్వీపమునుండి వచ్చిన ఆల్చిప్పల జాతి జీవులను తిని నూరుమందికి పైగా జబ్బుపడిరి. వాంతులతో మొదలై, కొందరికి మతిమరుపు, ఈడ్పులు వచ్చినవి, కొందరు మరణించిరి. సముద్రములో పెరుగు ఒక సూక్ష్మ శైవలము తయారుచేయు డోమోయికామ్లము ఆ జీవులలో చేరియుండెను. దాని అణువు గ్లూటమికామ్లపు అణువును పోలియుండును గనుక నాడీకణములు మోసపోయి విపరీతముగా ఉద్రేకించినవి. రోగులలో ఒక వృద్ధునికి ఈడ్పులు తగ్గిపోయి, సుమారొక సంవత్సరము గడచిన పిదప నిజమైన మూర్ఛవ్యాధి ప్రారంభమైనది. విషము మెదడులో చేసిన గాయము మెల్లగా పండి వ్యాధిగా పరిణమించినదన్నమాట. ఒకనాటి భోజనమునకును తరువాత వచ్చిన మూర్ఛవ్యాధికిని ఇంత స్పష్టమైన లంకె అరుదుగా కనబడును.

ఇక మేత సంగతి. మెదడు బరువు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళే యైనను, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరము ఖర్చుపెట్టు శక్తిలో సుమారు అయిదవ వంతును అదే తినివేయును. దానికి సాధారణమైన ఇంధనము గ్లూకోజు. రక్తములో గ్లూకోజు మిక్కిలి పడిపోయినచో స్పృహ తప్పును, ఈడ్పులు వచ్చును. బీహారులోని ముజఫర్‌పూరు ప్రాంతమున లిచీపండ్ల కాలములో పిల్లలకు వచ్చుచుండిన ప్రాణాంతకమైన ఈడ్పులకు ఇదియే కీలకమని తేలినది. 2014లో అక్కడి రెండు ఆసుపత్రులలో చేరిన 390 మంది పిల్లలలో 122 మంది మరణించిరి. లిచీపండులోని కొన్ని పదార్థములు శరీరము కొత్తగా గ్లూకోజు తయారుచేసికొనుటను, కొవ్వును మండించుకొనుటను అడ్డగించును. పగలంతయు తోటలలో పండ్లు తిని, రాత్రి అన్నము తినకయే నిదురించిన బిడ్డకు తెల్లవారుజామునకు రక్తములో చక్కెర అడుగంటును. బాగుగా తినియున్న బిడ్డకు అవే పండ్లు అంత హాని చేయవు. పరిశోధకులు చెప్పిన చికిత్స, నివారణ రెండును సామాన్యమైనవే: ఈడ్పుతో వచ్చిన బిడ్డకు వెంటనే గ్లూకోజు, లిచీల కాలములో ప్రతి బిడ్డకును తప్పక రాత్రిభోజనము. ఇది మూర్ఛవ్యాధి కాదు. కాని మెదడునకు ఇంధనము ఎంత అవసరమో ఇంతకన్న కఠినముగా చెప్పునది లేదు.

ఈ లెక్కన ఉపవాసమున్నవారికి ఈడ్పులు హెచ్చవలెను. జరిగినది వేరు. ఉపవాసముతో మూర్ఛ తగ్గునని ప్రాచీన గ్రీకు వైద్యులకే తెలిసియుండెను. 1911లో పారిస్ నగరమున గెల్పా, మరీ అను వైద్యులు దీనిని రోగులపై పరీక్షించి ప్రకటించిరి. తరువాత అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున హ్యూ కాంక్లిన్ అను వైద్యుడు రోగులను దినముల తరబడి నీళ్ళపై ఉంచి చికిత్స చేయుచుండెను. ప్రేగులలో పుట్టు ఏదో విషము మెదడున కెక్కుచున్నదని ఆయన నమ్మకము. నమ్మకము తప్పు, ఫలితము ఒప్పు. విజ్ఞానచరిత్రలో ఇట్టివి పెక్కు కలవు. ఆయనవద్ద చికిత్స పొందిన ఒక బాలుని తండ్రి చార్లెస్ హౌలండ్ న్యూయార్కులో న్యాయవాది. ఆయన సోదరుడు జాన్ హౌలండ్ బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యాలయమున పిల్లల వైద్యశాస్త్రాచార్యుడు. ఉపవాసము ఎందుకు పనిచేయుచున్నదో కనుగొనుమని 1919లో అన్న తమ్ములలో ఒకరు రెండవవారికి 5,000 డాలర్లు ఇచ్చిరి. 1921లో రాల్ గెయెలిన్ అను న్యూయార్కు వైద్యుడు అమెరికా వైద్యసంఘ సమావేశమున ఉపవాస చికిత్సా ఫలితములను వివరించెను. ఉపవాసము ఆరంభించిన రెండు మూడు దినములకే ఈడ్పులు తగ్గుట ఆనాటి వైద్యులు గమనించిరి. చిక్కేమనగా, భోజనము మొదలుపెట్టగానే చాలమందికి అవి తిరిగి వచ్చుచుండెను. ఎంతకాలమని ఎవరిని పస్తులుంచగలరు?

ఉపవాసములో శరీరము నిలువయున్న కొవ్వును కరిగించును. కాలేయము ఆ కొవ్వునుండి కీటోనులను పదార్థములను తయారుచేసి రక్తములోనికి పంపును. దీర్ఘముగా ఉపవసించినవారి శ్వాసలో పండిన పండు వాసన వంటిది వచ్చుట దీనివలననే. అదే 1921లో మిన్నెసోటా రాష్ట్రమందలి మేయో క్లినిక్కులో రస్సెల్ వైల్డరు ఒక యుక్తి చెప్పెను. తిండి మాన్పించుటకు బదులు, కొవ్వు మిక్కుటముగా, పిండిపదార్థము అత్యల్పముగా ఉండు తిండి పెట్టినచో శరీరము ఉపవాసమున్నట్లే భ్రమించి కీటోనులను తయారుచేయును గదా! ఇట్లు పుట్టినదే కీటోజనక ఆహారము. 1925లో అదే వైద్యాలయమునకు చెందిన పీటర్మను దీనికి కొలతలు ఏర్పరచెను. దినమునకు పిల్లవాని బరువులో ప్రతి కిలోగ్రామునకును ఒక గ్రాము మాంసకృత్తు, మొత్తము మీద 10 నుండి 15 గ్రాముల పిండిపదార్థము, మిగిలినదంతయు కొవ్వు.

ఈ కొలత ఎంత కఠినమైనదో అన్నము తినువారికి చెప్పనక్కరలేదు. వండిన అన్నము 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థము ఉండును. కావున దినమంతటికిని అనుమతించినది సుమారు చారెడు అన్నము మాత్రమే. నేడు సాధారణముగా వాడు పద్ధతిలో నాలుగు గ్రాముల కొవ్వునకు మాంసకృత్తు, పిండిపదార్థము కలిసి ఒక గ్రాము. గ్రాము కొవ్వు 9 కేలరీలు, మిగిలినవి గ్రామునకు 4 కేలరీలు ఇచ్చునని పాఠములలో చదివిన విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును: 36కు 4. నూరు కేలరీలలో తొంబది కొవ్వునుండియే రావలెను. నేయి, వెన్న, మీగడ, కొబ్బరినూనె, గ్రుడ్లు, కొలిచి పెట్టిన కొద్దిపాటి కూర. ఒక బిస్కట్టు, ఒక చాక్లెట్టు, చక్కెర కలిపిన దగ్గుమందు కూడ లెక్క తప్పించును.

1938లో మెరిట్, పట్నం అను వైద్యులు ఫెనిటాయిన్ మూర్ఛకు పనిచేయునని చూపిరి. మాత్ర మింగుట సులభము, వెన్న తూచుట కష్టము. కొవ్వుల ఆహారము మూలపడినది. మాత్రలు పనిచేయని పిల్లలు మాత్రము మిగిలిపోయిరి. అట్టివారిలో ఒకడు చార్లీ అను బాలుడు. అతని తండ్రి సినిమా దర్శకుడు జిమ్ ఏబ్రహామ్స్. పెక్కు మందులును ఒక శస్త్రచికిత్సయు విఫలమైన తరువాత, తండ్రి తానే గ్రంథాలయములో వెదకి ఈ ఆహారమును గూర్చి తెలిసికొనెను. జాన్స్ హాప్‌కిన్స్‌లో ఈ ఆహారముతో చార్లీకి ఈడ్పులు ఆగిపోయినవి. తండ్రి 1994లో ఒక సంస్థను నెలకొల్పి దీనిని గూర్చి ప్రచారము చేసెను.

ఒక బాలుని అనుభవము రుజువు కాదు. సరియైన పరీక్ష 2008లో లండను నుండి వచ్చినది. మందులకు లొంగని మూర్ఛగల 145 మంది పిల్లలను చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేసి, ఒక జట్టునకు ఈ ఆహారము వెంటనే పెట్టిరి, రెండవ జట్టును మూడు నెలలు ఆగుమనిరి. ఆహారము పెట్టిన జట్టులో నూటికి 38 మందికి ఈడ్పులు సగమునకు పైగా తగ్గినవి. రెండవ జట్టులో నూటికి ఆరుగురికి మాత్రమే. 2013లో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులు, కొంత సడలించిన ఆహారముతో 102 మంది పిల్లలపై జరిపిన పరీక్షను ప్రకటించిరి. ఆహారము తీసికొన్నవారిలో సుమారు సగముమందికి ఈడ్పులు సగమునకు పైగా తగ్గినవి. తీసికొననివారిలో తొమ్మిదిమందికి ఒకరు. ఉత్తరదేశపు రొట్టెల వంటింట ఇది సాధ్యమైనప్పుడు తెలుగుదేశపు వంటింట అసాధ్యము కానక్కరలేదు.

కీటోనులు మెదడునకు నిజముగా ఇంధనమగునని 1967లో బోస్టనులో జార్జి కేహిల్, ఆయన సహచరులు రుజువుచేసిరి. వారములకొలది ఉపవాసమున్న స్థూలకాయులలో మెదడునకు కావలసిన ఇంధనములో చాలభాగము కీటోనులే సమకూర్చుచుండెను. గ్లూకోజును రక్తమునుండి మెదడులోనికి చేరవేయు వాహకము పుట్టుకతోనే లోపించిన శిశువులను 1991లో డివీవో మొదలగువారు గుర్తించిరి. వీరి రక్తములో గ్లూకోజు సరిగానే ఉండును. వెన్నుపాము చుట్టునుండు ద్రవములో తక్కువగా ఉండును. ధాన్యము గాదెలో నిండుగా ఉన్నను తలుపు తెరచుకొనని ఇల్లు వంటిదీ జబ్బు. కీటోనులు వేరొక ద్వారమున లోపలికి పోవును గనుక, వీరికి కొవ్వుల ఆహారమే ముఖ్యమైన ఔషధము. తక్కిన రోగులలో కీటోనులు ఈడ్పులను ఎట్లు ఆపుచున్నవో ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. పగ్గము బలపడుట, నాడీకణముల శక్తి నిలకడగా ఉండుట మొదలగు పెక్కు మార్పులు ప్రయోగములలో కనబడినవి.

ఈ ఆహారము ఇంటివద్ద ఎవరికి వారు ప్రయత్నింపదగినది కాదు. మూత్రపిండములలో రాళ్ళు, మలబద్ధకము, ఎదుగుదల మందగించుట, రక్తములో కొవ్వు పెరుగుట కలుగవచ్చును. కొవ్వును మండించు శక్తి పుట్టుకతో లేని పిల్లలకు ఇది ప్రాణాంతకము. అందుచే ముందు పరీక్షలు చేయవలెను. మాత్రలను హఠాత్తుగా మానుట మరింత ప్రమాదకరము. ఈడ్పు ఆగకుండ ఒకదానిపై నొకటి వచ్చి ప్రాణము పోవచ్చును. శివరాత్రినాటి ఉపవాసమును ఈ చికిత్సతో పోల్చరాదు. జాగరణము మూర్ఛను రేకెత్తించు కారణములలో ప్రసిద్ధమైనది, పైగా ఆ పూట మాత్ర కూడ తప్పిపోవుట పరిపాటి.

ఇంతవరకు చెప్పినది ఆహారములోని పదార్థములను గూర్చి. ఆహారముతోపాటు అనాహూతముగా వచ్చునది ఒకటి కలదు. మన దేశములో దీని ప్రాముఖ్యము తక్కినవాని కన్న ఎక్కువ. అది పంది బద్దెపురుగు గ్రుడ్డు.

సరిగా ఉడకని, పురుగు కోశములున్న పందిమాంసము తిన్నవాని ప్రేగులో బద్దెపురుగు పెరుగును. వానికి పెద్ద బాధ ఉండదు. కాని వాని మలముతో వేలకొలది గ్రుడ్లు బయటపడును. ఆ మలమును తిన్న పందికి కండరములలో కోశములేర్పడును. ఆ గ్రుడ్లు మట్టి ద్వారా, నీటి ద్వారా, కడుగని చేతుల ద్వారా మరియొక మనుష్యుని నోటికి చేరినచో, వాని శరీరము పంది శరీరమువలెనే ఆతిథ్యమిచ్చును. పిల్లపురుగు ప్రేగు గోడను దూరి, రక్తములో ప్రయాణించి, మెదడులో కోశము కట్టుకొని కూర్చుండును. సంవత్సరములపాటు నిశ్శబ్దముగా ఉండి, అది చచ్చునప్పుడు చుట్టును వాపు పుట్టి ఈడ్పులు మొదలగును. ఈ పురుగు వ్యాపించిన అనేక ప్రాంతములలో మూర్ఛరోగులలో నూటికి 30 మందికి ఇదియే కారణము కావచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

పందిమాంసము తిన్నవానికి వచ్చునది ప్రేగులోని పురుగు. గ్రుడ్డు మింగినవానికి వచ్చునది మెదడులోని కోశము. ఈ రెండింటిని కలిపి చెప్పుటవలన, మాంసము ముట్టనివారు తమకు భయము లేదనుకొందురు. 1990 ప్రాంతమున న్యూయార్కులో, మతనియమము చేత పందిమాంసమును ఇంటికే రానీయని యూదు కుటుంబములలో నలుగురు రోగులు బయటపడిరి. ఈ పురుగు విస్తారముగానున్న దేశములనుండి వచ్చి ఆ ఇండ్లలో పనిచేసినవారిలో కొందరి ప్రేగులలో బద్దెపురుగు ఉండుటయే మూలమని 1992లో ప్రకటించిరి. మన దేశములో మెదడు చిత్రములలో ఒంటరి ఉంగరమువలె కనబడు మచ్చలను ఒకప్పుడు క్షయగడ్డలుగా భావించి, నెలల తరబడి క్షయమందులు ఇచ్చుచుండిరి. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు అట్టి మచ్చలను తీసి పరీక్షింపగా, వానిలో అధికభాగము ఈ పురుగు కోశములేయని తేలినది. 1991లో వారీ విషయమును ప్రకటించిరి. ఇట్టి ఒంటరి కోశము తరచు తానే కరగిపోవును. రోగికి కొంతకాలము మూర్ఛమందులు చాలును.

కావున పిల్లవానికి వంకాయ మాన్పించు ఇంటివారు చూడవలసినది పచ్చిగా తిను కొత్తిమీర, ముల్లంగి, కీరదోసకాయలను కడుగుచున్న నీరు ఎట్టిది, వంటచేయువారు మరుగుదొడ్డినుండి వచ్చి సబ్బుతో చేతులు కడుగుకొనుచున్నారా, ఊరిలో పందులు మలము తిను అవకాశమున్నదా అనునది. ఉత్తర పెరూలో ఒక ప్రాంతమున మనుష్యులకును పందులకును పురుగుల మందు ఇచ్చి, పందులకు టీకాలు వేసి చూచిరి. 2016లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, తుదిదశలో పరిశీలించిన 107 గ్రామములలో 105 గ్రామముల పందులలో వ్యాధిని వ్యాపింపజేయు సజీవకోశము ఒక్కటియు దొరకలేదు.